విదేశంలో కరెంటుతో పాటు వేడి కూడా అమ్మబోతే: ఫోర్టమ్ అనుభవం, మీ పోలండ్ ప్లాంటు

మీరు అడిగింది ఒకటే ప్రశ్నలా ఉన్నా అందులో మూడున్నాయి. ఫిన్లాండ్ కంపెనీ ఫోర్టమ్ రష్యాలో పదిహేనేళ్లు కరెంటు, వేడి ఉత్పత్తి పెంచుకుంటూ పోయి చివరికి మొత్తం ఎలా పోగొట్టుకుంది? వేడి అమ్మకంలో పెద్దగా మిగలదంటారు కదా, మరి అలాంటి ప్లాంట్లే ఎందుకు కొంటారు? మీరు కొత్తగా చేరిన కంపెనీ పోలండ్‌లో ఒక సీహెచ్‌పీ, అంటే కరెంటూ వేడీ కలిపి తయారుచేసే ప్లాంటు బేరమాడుతోంది, లెక్కలు మీ చేతికిచ్చారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

నేను మొదట ఆరేళ్లు ప్లాంట్లో షిఫ్ట్ ఇంజనీరుగా చేశాను. ఆ తర్వాత పన్నెండేళ్లుగా ఇలాంటి ప్లాంట్ల కొనుగోలు లెక్కలే నా ఉద్యోగం. కాబట్టి కొంచెం యంత్రం భాష, కొంచెం బ్యాంకు భాష కలిసి వస్తుంది, సర్దుకోండి.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతా రెండూ తేలికవుతాయి.

ఎండలు ఎరిగిన మనకు వేడిని డబ్బిచ్చి కొనుక్కోవడం వింతగానే ఉంటుంది. ఫిన్లాండ్, పోలండ్, రష్యా నగరాల్లో అది కరెంటు, నీళ్ల లాంటి సరుకు. ఊరి చివర ప్లాంటు ఉంటుంది. అక్కడ నీటిని వంద డిగ్రీల చుట్టుపక్కలకు, చలి ముదిరితే ఇంకా పైకి కాచి, ఒత్తిడి మీద భూమిలోపలి గొట్టాల్లో ఊరంతా తిప్పుతారు. ప్రతి భవనం కింద ఒక హీట్ ఎక్స్ఛేంజర్ ఉండి ఆ వేడిని అందుకుంటుంది, చల్లారిన నీళ్లు మళ్లీ ప్లాంటుకు చేరతాయి. దీన్నే డిస్ట్రిక్ట్ హీటింగ్ అంటారు.

మామూలు థర్మల్ ప్లాంట్లో వంద వంతుల ఇంధనం కాలిస్తే నలభై వంతుల దాకా కరెంటు వస్తుంది. మిగతాదంతా పొగ గొట్టంలోంచీ, కండెన్సర్ నీళ్లలోంచీ పోతుంది. సీహెచ్‌పీలో ఆ పారబోసే వేడినే ఊరి గొట్టాల్లోకి మళ్లిస్తారు. కరెంటు ముప్ఫై వంతులకు తగ్గవచ్చు, కానీ యాభై అయిదు వంతుల వేడి అమ్ముడుపోతుంది. మొత్తం ఎనభై అయిదు. కాగితం మీద ఇంతకంటే అందమైన వ్యాపారం ఉండదు. ఒకే ఇంధనం, రెండు బిల్లులు.

చిక్కు ఆ రెండో బిల్లులోనే ఉంది. కరెంటును గ్రిడ్‌లోకి వదిలితే దేశంలో ఏ మూలవాడైనా కొనవచ్చు. వేడి అలా కాదు. సాధారణంగా ముప్ఫై, నలభై కిలోమీటర్లు దాటి పంపడం గిట్టదు. అంటే మీకు కొనేవాడు ఒక్కడే, ఆ ఊరు. ఆ ఊరికి అమ్మేవాడూ మీరొక్కరే. ఇలాంటి చోట ధరను మార్కెట్‌కు వదలరు, నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. ఏ మేయరూ చలికాలం ముందు వేడి చార్జీలు పెంచి ఎన్నికలకు వెళ్లాలనుకోడు. పెంచాల్సింది విదేశీ కంపెనీ అయితే వద్దనడం మరీ తేలిక.

మరి ఎందుకు కొంటారంటే, వేడి గిరాకీ స్థిరంగా ఉంటుంది. కరెంటు ధర పడిపోయినా జనవరిలో రేడియేటర్లు ఆపరు. ఆ వేడి ఇవ్వడం కోసం టర్బైన్ ఎలాగూ తిరుగుతుంది కాబట్టి కరెంటు కూడా చలికాలంలో, ధర బాగా ఉన్న గంటల్లో, చవగ్గా తయారవుతుంది. వేడి కడుపు నింపుతుంది, కరెంటు లాభం తెస్తుంది. కొనేవాళ్ల లెక్క స్థూలంగా ఇదీ.

ఇక ఫోర్టమ్.

రష్యాలో ప్రభుత్వ విద్యుత్ గుత్త సంస్థ ఆర్ఏఓ యూఈఎస్‌ను అనతోలీ చుబైస్ నడిపేవాడు. దాన్ని ముక్కలు చేసి అమ్మారు, 2008 జూలై 1తో ఆ సంస్థ లేకుండా పోయింది. ఆ ముక్కల్లో ప్రాంతీయ కంపెనీలకు టీజీకే అని, టోకు ఉత్పత్తి కంపెనీలకు ఓజీకే అని పేర్లు. ఇటలీ ఎనెల్ ఓజీకే-5ను, జర్మనీ ఈ.ఆన్ ఓజీకే-4ను 2007లోనే పట్టాయి. 2008లో ఫోర్టమ్ టీజీకే-10ను తీసుకుంది. చెల్యాబిన్‌స్క్, త్యుమెన్, తొబోల్‌స్క్ ఊళ్ల సీహెచ్‌పీలు దాని ఆస్తి. ఉరల్ కొండల చుట్టుపక్కల, పశ్చిమ సైబీరియాలో, చమురూ గ్యాసూ ఉక్కూ ఉన్న చోటు. చలి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఖర్చు సుమారు 250 కోట్ల యూరోలు. దీన్ని చదివేటప్పుడు ఒకటి గమనించండి. అందులో పెద్ద భాగం పాత యజమాని జేబులోకి పోలేదు. కొత్త షేర్ల రూపంలో కంపెనీలోకే వెళ్లింది, కొత్త యూనిట్లు కట్టడానికి. రష్యా ప్రభుత్వం పెట్టిన షరతే అది. ప్లాంటు కావాలంటే కట్టే బాధ్యత కూడా నెత్తిన వేసుకోవాలి. ఫోర్టమ్ దాదాపు 2,400 మెగావాట్ల కొత్త సామర్థ్యం కడతానని ఒప్పుకుంది. కొన్న కంపెనీ మొత్తం సామర్థ్యమే అప్పటికి 2,800 మెగావాట్ల చుట్టూ ఉండేది, దాదాపు ఇంకో కంపెనీ కట్టినట్టే.

ఆ బాధ్యతకు బదులుగా ఇచ్చిందే డీపీఎం, అంటే కెపాసిటీ సరఫరా ఒప్పందం. మీ లాంటి అనలిస్టులు ముందు చదవాల్సిన కాగితం అదే. కొత్త యూనిట్ సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు అమ్మకానికి వేరుగా, మెగావాట్‌కు నెలకు ఇంత అని పదేళ్లపాటు కడతారు. పాత యూనిట్లకు వచ్చే కెపాసిటీ ధర కంటే ఇది మూడు నాలుగు రెట్లు ఎక్కువ. రాబడి లెక్కను ప్రభుత్వ బాండ్ల వడ్డీకి ముడిపెట్టారు. ఆలస్యమైతే జరిమానా. వేడి టారిఫ్‌లో మిగలకపోయినా ఈ కెపాసిటీ సొమ్ముతో మొత్తం ప్రాజెక్టు గట్టెక్కుతుంది.

ఫోర్టమ్ కట్టింది కూడా. న్యాగన్‌లో మూడు యూనిట్లు, మొత్తం 1,250 మెగావాట్లకు పైన, 2013 నుంచి 2015 మధ్య వ్యాపార స్థాయిలో నడవడం మొదలుపెట్టాయి. సోవియట్ కాలంలో మొదలై ఆగిపోయిన స్థలం అది. చెల్యాబిన్‌స్క్‌లో 1930 నాటి పాత పవర్ స్టేషన్ ఆవరణలోనే కొత్త గ్యాస్ యూనిట్లు లేచాయి. న్యాగన్ ఆలస్యమైంది, దానికి కొంత మూల్యం చెల్లించారు, కానీ ఇంజనీరింగ్ పరంగా అది మంచి పని అని నా అభిప్రాయం. అటవీ ప్రాంతంలో, ఆ చలిలో, సరికొత్త కంబైన్డ్ సైకిల్ యూనిట్లు (గ్యాస్ టర్బైన్ వేడితో ఆవిరి టర్బైన్ కూడా తిప్పేవి) నిలబెట్టడం మాటలు కాదు. 2010ల చివరికొచ్చేసరికి రష్యా విభాగం ఏడాదికి సుమారు 30 కోట్ల యూరోల నిర్వహణ లాభం తెచ్చేది.

అది రూబుల్ కూలిన తర్వాతి అంకె అని గుర్తుపెట్టుకోండి. కొన్నప్పుడు యూరోకు 36, 37 రూబుళ్లు. 2016లో 70 దాటింది. ఆదాయం రూబుళ్లలో, వాటాదారులు లెక్కించుకునేది యూరోల్లో. సంపాదించినదాంట్లో దాదాపు సగం మారకంలోనే ఆవిరి. మీ ఎక్సెల్‌లో కరెన్సీకి ఒకే గడి పెట్టి, ఏటా రెండు శాతం తరుగుదల అని రాసి వదిలేశారేమో ఒకసారి చూసుకోండి. చాలామంది అదే చేస్తారు, నేనూ చేశాను.

వేడి వైపు మాత్రం మొదటినుంచీ సతాయింపే. చెల్యాబిన్‌స్క్, త్యుమెన్‌లలో టారిఫ్ ప్రాంతీయ అధికారుల చేతిలో ఉండేది. ఖర్చు ఇంత అయిందని చూపిస్తే దానిమీద ఇంత శాతం అని ఇస్తారు. పొదుపు చేస్తే వచ్చే ఏడాది టారిఫ్ తగ్గిస్తారు. అలాంటప్పుడు పొదుపు ఎవడు చేస్తాడు? బిల్లులు కట్టని వాళ్ల సంగతి వేరే. 2017లో రష్యా ఒక కొత్త పద్ధతికి చట్టం చేసింది. దాన్ని ‘ప్రత్యామ్నాయ బాయిలర్’ అంటారు. ఆ ఊరివాళ్లు మీ గొట్టం వద్దనుకుని సొంతంగా కొత్త బాయిలర్ హౌస్ కట్టుకుంటే యూనిట్ వేడికి ఎంతవుతుందో, మీ ధరకు అదే పైకప్పు. దానికి లోపల మీరు ఎంత పొదుపు చేస్తే అంత మీదే. నాకు ఈ ఆలోచన నచ్చుతుంది, ఎందుకంటే సీహెచ్‌పీ అసలు పోటీదారు ఎవరో అది నిజాయితీగా చెబుతుంది. కాకపోతే ఊళ్లు ఒక్కొక్కటిగా, తమంతట తాము ఒప్పుకుంటేనే అది అమల్లోకి వస్తుంది.

అయితే మొత్తం పోయింది వేడి టారిఫ్ వల్లా కాదు, రూబుల్ వల్లా కాదు. ఇక్కడ నా అభిప్రాయం కొంచెం ఘాటుగా ఉంటుంది.

2008లో వెళ్లడం తెలివితక్కువ పని అని నేను అనను. అప్పుడు లెక్కలు వేసి ఉంటే నేనూ సంతకం పెట్టేవాణ్ణి. తప్పు 2015 తర్వాత జరిగింది. నిర్మాణం ఒడ్డున పడుతోంది, పదేళ్ల డీపీఎం చెల్లింపులు వస్తున్నాయి. ఆస్తి విలువ శిఖరాన ఉండే సమయం అదే, ఎందుకంటే కొనేవాడికి కట్టే రిస్కు లేదు, గ్యారంటీ ఆదాయం ముందుంది. చెల్లింపులు ఒక్కో ఏడాది కరిగేకొద్దీ విలువా కరుగుతుంది. 2014లో రష్యా క్రిమియాను కలుపుకున్న తర్వాత ఆంక్షలు మొదలై ఉన్నాయి. అలాంటప్పుడు కనీసం సగం అమ్మి ఉండాల్సింది.

వాళ్లు చేసింది దానికి తలకిందులు. ఈ.ఆన్ 2016లో తన థర్మల్ ప్లాంట్లనూ గ్యాస్ వ్యాపారాన్నీ యూనిపర్ అనే కంపెనీగా విడదీసింది. పాత ఓజీకే-4, అంటే యూనిప్రో, అందులోనే పోయింది. ఆ యూనిపర్‌లో ఈ.ఆన్‌కు మిగిలిన 46.65 శాతాన్ని ఫోర్టమ్ 2018లో సుమారు 380 కోట్ల యూరోలకు కొంది. ఈ.ఆన్ ఆ దెబ్బతో రష్యా ఉత్పత్తి వ్యాపారం నుంచి చేతులు దులుపుకుంది, ఫోర్టమ్ తనదానికి తోడు ఇంకొకరి రష్యాను కూడా ఇంటికి తెచ్చుకుంది. 2020కల్లా మెజారిటీ యజమాని. మధ్యలో రష్యా నియంత్రణ సంస్థ వాటా 50 శాతం దాటనివ్వలేదు. కారణం యూనిప్రో దగ్గరున్న, నీళ్లకు సంబంధించిన ఒక లైసెన్సు. వ్యూహాత్మక రంగాల చట్టం కిందికి అది వచ్చింది. వేల మెగావాట్ల బేరం ఒక నీళ్ల లైసెన్సు దగ్గర ఆగడం వింటే నవ్వొస్తుంది, కానీ విదేశాల్లో బేరాలు ఆగేది ఇలాంటి చోటే.

ఆ కొనుగోలుతో పెరిగిన అప్పు తగ్గించుకోవడానికి 2021లో ఏం అమ్మారో చూడండి. స్టాక్‌హోమ్ నగరంతో సగం సగం ఉన్న హీటింగ్ కంపెనీలో తమ వాటా, సుమారు 290 కోట్ల యూరోలకు. ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా హీటింగ్ వ్యాపారం, సుమారు 80 కోట్లకు. అంటే నిమ్మళంగా డబ్బు తెచ్చే, పక్కింటి లాంటి దేశాల ఆస్తులు వెళ్లిపోయాయి. రష్యా మిగిలింది. అమ్మగలిగినదాన్ని అమ్మారు, అమ్మాల్సినదాన్ని కాదు. ఇది నేను ప్రతి కొత్త అనలిస్టుకూ చెబుతాను. తేలిగ్గా అమ్ముడుపోయే ఆస్తి మంచి ఆస్తి కాబట్టే తేలిగ్గా పోతుంది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి తర్వాతి సంగతి మీకు తెలిసిందే. ఆ మే నెలలో రష్యా నుంచి బయటపడతామని ప్రకటించారు. ఆగస్టులో రష్యా ఒక ఆదేశం తెచ్చింది. ‘స్నేహపూర్వకం కాని’ దేశాల వాళ్లు ఇంధన రంగం వాటాలు అమ్ముకోవాలంటే అధ్యక్షుడి అనుమతి కావాలి. ఎనెల్ ఎలాగో గడప దాటింది, 56.43 శాతం వాటాను 13.7 కోట్ల యూరోలకు వదిలేసి. ఫోర్టమ్‌కు ఆ అదృష్టం దక్కలేదు. రష్యా గ్యాస్ ఆగడంతో కుప్పకూలిన యూనిపర్‌ను షేరుకు 1.70 యూరోల చొప్పున, మొత్తం 50 కోట్లకు జర్మనీ ప్రభుత్వానికి అప్పగించాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 25న పుతిన్ ఆదేశంతో ఫోర్టమ్‌కు ఉన్న 98 శాతం పైచిలుకు వాటా, యూనిప్రోలో యూనిపర్ వాటా, రెండూ రష్యా ప్రభుత్వ ఆస్తుల సంస్థ ‘తాత్కాలిక నిర్వహణ’లోకి వెళ్లాయి. ఫోర్టమ్ 170 కోట్ల యూరోలను ఖాతాల్లోంచి కొట్టేసింది. అక్కడి కంపెనీ పేరు కూడా ఫార్వర్డ్ ఎనర్గోగా మారింది. టర్బైన్లు మాత్రం అక్కడే తిరుగుతున్నాయి. చెల్యాబిన్‌స్క్‌లో రేడియేటర్లకు యజమాని ఎవరన్నది పట్టదు.

2024లో ఫోర్టమ్ రష్యా మీద అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తుల తీర్పుకు వెళ్లింది. ఏ ఒప్పందాల కింద అనుకుంటున్నారు? నెదర్లాండ్స్, స్వీడన్‌లు రష్యాతో చేసుకున్న పెట్టుబడి రక్షణ ఒప్పందాల కింద. ఎందుకంటే ఆ వాటాలు డచ్, స్వీడిష్ అనుబంధ కంపెనీల పేరు మీద ఉన్నాయి. వాటాను ఏ దేశపు కంపెనీ పేరు మీద పెడుతున్నారన్నది పన్నుల శాఖ వాళ్ల విషయమని చాలామంది వదిలేస్తారు. చివరికి చేతిలో మిగిలేది ఆ కాగితమే కావచ్చు.

రష్యా ఒక విపరీతం, యూరోపియన్ యూనియన్ లోపల అలా జరగదు కదా అని మీరనవచ్చు. లాక్కోవడం జరగదు. కానీ ఊరు తన గొట్టాలను తిరిగి తీసుకోవడం మాత్రం జరుగుతూనే ఉంది. స్వీడన్ ప్రభుత్వ కంపెనీ వాటెన్‌ఫాల్‌ను చూడండి. హాంబుర్గ్ మోర్‌బుర్గ్‌లో సుమారు 300 కోట్ల యూరోలతో 1,600 మెగావాట్ల పైచిలుకు బొగ్గు ప్లాంటు కట్టింది. దాని వేడిని నగరానికి ఇవ్వాలని ప్లాన్. ఆ వేడి గొట్టాన్ని పర్యావరణ సంఘాలు కోర్టులో అడ్డుకున్నాయి. వేడి కొనే ఊరు లేకపోయేసరికి అది ఒట్టి కరెంటు ప్లాంటుగా మిగిలి, 2015లో మొదలై 2021లో మూతపడింది. అదే నగరంలో 2013 రెఫరెండంలో జనం నెట్‌వర్కులను తిరిగి కొనమని స్వల్ప తేడాతో ఓటేశారు, 2019లో హీటింగ్ నగరం చేతికి వెళ్లింది. బెర్లిన్ హీటింగ్ కూడా 2024లో సుమారు 140 కోట్ల యూరోలకు బెర్లిన్ ప్రభుత్వానికి అమ్ముడైంది. లిథువేనియాలో విల్నియస్ హీటింగ్‌ను ఫ్రెంచ్ వాళ్లు 2002లో పదిహేనేళ్ల లీజుకు తీసుకున్నారు. గడువు తీరకముందే, 2016లో, ఆ ఫ్రెంచ్ గ్రూపు వెయోలియా లిథువేనియా మీద ఆర్బిట్రేషన్ వేసింది. ఇక్కడ ఎవరూ తుపాకీ చూపలేదు, అంతా చట్టప్రకారమే. అయినా కంపెనీ ఆ ఊరిది కానప్పుడు ఊరికి ఓర్పు తక్కువ.

ఇప్పుడు మీ పోలండ్ ప్లాంటు.

పోలండ్ మంచి మార్కెట్టే. దాదాపు నలభై శాతం ఇళ్లు డిస్ట్రిక్ట్ హీటింగ్ మీద ఉన్నాయి. బొగ్గు బాయిలర్లు ముసలివయ్యాయి, మార్చక తప్పదు. ఫోర్టమ్ కూడా అక్కడ రష్యాలోకంటే చిన్నగా, నెమ్మదిగా కట్టింది. 2010లో చెన్‌స్తొహోవాలో బొగ్గుతో పాటు బయోమాస్ కాల్చే ప్లాంటు, 2018లో జాబ్‌జెలో 75 మెగావాట్ల కరెంటు, 145 మెగావాట్ల వేడి ఇచ్చే ప్లాంటు. ఈ రెండోది బొగ్గుతో పాటు చెత్త నుంచి తయారైన ఇంధనం కూడా కాలుస్తుంది, జాబ్‌జె, బితోమ్ ఊళ్ల పాత బొగ్గు ప్లాంట్ల పని అదొక్కటే చేస్తుంది. ఎక్కువ రకాల ఇంధనం కాల్చగలగడం మీద పెట్టిన అదనపు ఖర్చు వృథా కాదని నేను నమ్ముతాను. 2022లో బొగ్గు ధర, గ్యాస్ ధర ఒకేసారి ఎగిరినప్పుడు ఒకే ఇంధనం మీద ఉన్నవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో దగ్గరుండి చూశాను.

మొదట చూడాల్సింది టర్బైన్ కాదు. ఆ ఊళ్లో గొట్టాలు ఎవరివి? వార్సాలో ఉత్పత్తి ఒకరిది, నెట్‌వర్క్ ఇంకొకరిది. వాటెన్‌ఫాల్ 2000లో అక్కడి సీహెచ్‌పీలు కొని, పదేళ్లు దాటాక సుమారు 300 కోట్ల జ్లోటీలకు (పోలండ్ కరెన్సీ) పోలండ్ ప్రభుత్వ గ్యాస్ కంపెనీకి అమ్మి వెళ్లింది. నెట్‌వర్క్‌ను నగరం 2011లో 144 కోట్ల జ్లోటీలకు ఇప్పటి వెయోలియా గ్రూపుకు అమ్మింది. గొట్టం మీది కాకపోతే మీ ప్లాంటు బాగోగులు ఎదుటివాడి చేతిలో ఉంటాయి.

దీనికి నా సొంత దెబ్బ ఒకటి చెబుతాను. ఏళ్ల కింద ఒక ప్లాంటు కొనుగోలుకు సాంకేతిక లెక్కలు నేనే చేశాను. పేరు, ఊరు వద్దు. టర్బైన్ రికార్డులు, బాయిలర్ ట్యూబుల మందం, అన్నీ చూశాం, అన్నీ బాగున్నాయి. తిరిగి వచ్చే నీళ్ల ఉష్ణోగ్రత మాత్రం డిజైన్ విలువే తీసుకున్నాం, ఎందుకంటే నెట్‌వర్క్ మనది కాదు, అమ్మేవాడి దగ్గర పూర్తి రికార్డు లేదు. మొదటి చలికాలంలో నీళ్లు అనుకున్నదానికంటే పన్నెండు డిగ్రీలు వేడిగా తిరిగొచ్చాయి. ఊళ్లో పాత సబ్‌స్టేషన్లు, అంటే భవనాల కింద వేడి అందుకునే యూనిట్లు, వేడిని సరిగా తీసుకోవట్లేదు. వేడిగా తిరిగొస్తే పంపులు ఎక్కువ నీళ్లు తోయాలి, పొగలోంచి వేడి లాగే యూనిట్ పనిచేయదు, టర్బైన్ వెనక ఒత్తిడి పెరిగి కరెంటు తగ్గుతుంది. సబ్‌స్టేషన్లు మార్చాల్సింది నెట్‌వర్క్ యజమాని, దాంతో అతనికి పైసా లాభం లేదు. మూడేళ్లు ఉత్తరాలు రాసుకున్నాం. గత రెండు చలికాలాల గంటవారీ రిటర్న్ ఉష్ణోగ్రతలు చేతికి రాకుండా ధర చెప్పకండి.

తర్వాత టారిఫ్. పోలండ్‌లో వేడి ధరలను యూఆర్ఈ అనే నియంత్రణ సంస్థ ఆమోదిస్తుంది. సీహెచ్‌పీలకు ఒక తేలిక పద్ధతి ఉంది. అదే ఇంధనంతో వేడి మాత్రమే చేసే బాయిలర్ల సగటు ధరను ప్రమాణంగా తీసుకుని దానికి కట్టేస్తారు. రష్యా ‘ప్రత్యామ్నాయ బాయిలర్’కు ఇది దూరపు చుట్టం. చిక్కేమిటంటే ఆ సగటు గడిచిన ఏడాదిది. ఇంధనం, కార్బన్ ధర ఈ ఏడాది ఎగిరితే మీ ఖర్చు ఇవాళ, ఆదాయం తర్వాత. ఆ మధ్యకాలానికి వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ నడపడానికి నగదు, ఎంత కావాలో లెక్క వేయండి. లాభంలో ఉన్న ప్లాంటు కూడా చేతిలో నగదు లేక బ్యాంకు ముందు నిలబడగలదు.

కార్బన్ గురించి ఇంకో మాట. 20 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యం దాటిన ప్లాంట్లు ఈయూ కార్బన్ మార్కెట్లో పర్మిట్లు కొనాలి. 2010ల మధ్యలో టన్ను పది యూరోల లోపే, 2023 మొదట్లో వంద తాకింది. అదే వీధిలో ఒక ఇంటివాడు సొంత గ్యాస్ బాయిలర్ పెట్టుకుంటే అతనికి ఇప్పటిదాకా ఆ భారం లేదు. అంటే చట్టమే మీ ఖాతాదారుణ్ణి మీ గొట్టం నుంచి అటువైపు నెడుతోంది. ఇళ్లకు కూడా కార్బన్ ధర తెచ్చే పని నడుస్తోంది గానీ, అది మీ మోడల్లో ఆశగా ఉండాలి తప్ప ఆధారంగా కాదు.

అమ్మకాల వైపు చూసేటప్పుడు అక్కడి బిల్లులో రెండు భాగాలుంటాయని గుర్తుంచుకోండి. ఒకటి భవనం ముందే చెప్పి పెట్టుకున్న మెగావాట్లకు, రెండోది వాడిన గిగాజౌళ్లకు, అంటే నిజంగా వాడిన వేడికి. మెత్తటి చలికాలం వస్తే రెండోది తగ్గుతుంది, అది మళ్లీ వస్తుంది. గోడలకు ఇన్సులేషన్ వేయించిన హౌసింగ్ సొసైటీ మొదటిదాన్ని తగ్గించుకుంటుంది, అది ఇక తిరిగి రాదు. అందుకే గత అయిదేళ్లలో ఎవరెవరు ఎంత తగ్గించుకున్నారో భవనాలవారీగా జాబితా అడగండి. కొత్త అపార్ట్‌మెంట్లు కలుస్తున్నాయి కాబట్టి మొత్తం అంకె నిలకడగానే కనిపిస్తుంది, కింద జరుగుతున్నది అందులో కనబడదు.

ఈయూ నిబంధనల్లో ‘సమర్థమైన’ నెట్‌వర్క్ అనే ముద్ర ఒకటుంది. పాత లెక్క ప్రకారం సగం పునరుత్పాదక ఇంధనం, లేదా సగం వ్యర్థ వేడి, లేదా ముప్పాతిక సీహెచ్‌పీ వేడి, లేదా వీటి కలయిక సగం ఉండాలి. 2023 సవరణతో ఇది దశలవారీగా బిగుస్తోంది. ముద్ర పోతే సబ్సిడీలు, చవక అప్పులు కష్టం. మీరు కొనే గ్యాస్ సీహెచ్‌పీ ఇవాళ ఆ ముద్ర నిలబెట్టినా, పదేళ్లకు సరిపోతుందా అన్నది వేరే కాలమ్‌లో పెట్టండి.

ఆఖరున, ఎవరికి అమ్ముతారు? పోలండ్‌లో వాటెన్‌ఫాల్ హీటింగ్ ప్రభుత్వ గ్యాస్ కంపెనీకి పోయింది, ఫ్రాన్స్ ఈడీఎఫ్ 2017లో తన ప్లాంట్లను పీజీఈకి అమ్మింది, అదీ ప్రభుత్వ కంపెనీయే. కాబట్టి మీరు బయటికొచ్చే రోజున గుమ్మం దగ్గర నిలబడేది బహుశా ప్రభుత్వ కంపెనీయో, మున్సిపాలిటీయో. ఎదుట ఒక్కడే కొనుగోలుదారుంటే ధర ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నిష్క్రమణ విలువకు మార్కెట్ మల్టిపుల్ (లాభానికి ఇన్ని రెట్లు అనే లెక్క) వాడకుండా, నియంత్రిత ఆస్తి పుస్తక విలువకు, అంటే ఖాతాల్లో రాసున్న విలువకు, కాస్త తక్కువ వేసి చూడండి. అప్పటికీ మీ బోర్డు అడిగే రాబడి వస్తే ముందుకెళ్లండి. రాకపోతే, మీ సమస్య ప్లాంటులో కాదు, అడుగుతున్న ధరలో ఉంది.

గంటవారీ రిటర్న్ ఉష్ణోగ్రతలు, భవనాలవారీ మెగావాట్ల జాబితా, నెట్‌వర్క్ యజమానితో ఉన్న ఒప్పందం గడువు, ఈ మూడూ డేటా రూమ్‌లో (అమ్మేవాడు కాగితాలు చూపించే చోట) ఉన్నాయో లేదో చూసి ఇక్కడ రాయండి. ఉంటే మిగతా లెక్క కలిసి చూద్దాం. అమ్మేవాడు మూడోది ఇవ్వడానికి తటపటాయిస్తే ఆ సంగతి కూడా రాయండి.